పెద్ద డేటా ఫైళ్లను గిట్‌లో ఎలా సర్దుకోవాలి: ఒక తెలుగు ఆడియో ప్రాజెక్టు ఉదాహరణతో

తెలుగు మాటలను విని రాసిపెట్టే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఒకదానిలో కొన్నాళ్లు రెపో (గిట్ అనే పనిముట్టు ఫైళ్లనూ వాటి మార్పుల చరిత్రనూ దాచే చోటు) చూసుకునే పని నాకు పడింది. ఒక సాయంత్రం కొత్తగా చేరిన డిగ్రీ అమ్మాయి మెసేజ్ పెట్టింది: "అన్నా, క్లోన్ పెట్టి రెండు గంటలైంది. సగంలో ఆగిపోయింది. ఇవాళ్టి డేటా కూడా అయిపోయింది." ఆమె దిద్దాలనుకున్నది ఒక వాక్యంలో "ళ" ఉండాల్సిన చోట పడిన "ల". ఒక్క అక్షరం. దానికోసం రోజుకు 1.5 జీబీ వచ్చే ఫోన్ ప్లాన్‌తో, హాట్‌స్పాట్ మీద, 3 జీబీకి పైగా దించుకోమని మా రెపో ఆమెను అడిగింది. క్లోన్ అంటే రెపోను మన కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవడం. అది మధ్యలో తెగితే గిట్ మళ్లీ మొదటి నుంచే మొదలుపెడుతుంది కాబట్టి, ఆ రోజు ఖర్చయిన డేటా అంతా వృథా.

ఆ తర్వాత రెపోను సర్దడానికి చేసిన పనంతా వరుసగా ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణ ఆడియోదే అయినా, మ్యాపులు, స్కాన్ చేసిన పుస్తకాలు, ఉపగ్రహ చిత్రాలు, మోడల్ ఫైళ్లు, దేనికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు వాడాలి.

ముందుగా, గిట్ ఎందుకు బరువెక్కుతుందో తెలియాలి

లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను లినక్స్ కెర్నల్ కోడ్ కోసం రాశారు. కోడ్ అంటే అక్షరాలు. ఒక ఫైల్లో నాలుగు లైన్లు మారితే, ప్యాక్ చేసేటప్పుడు గిట్ పాతదానికీ కొత్తదానికీ తేడా మాత్రమే దాచుకోగలదు. అందుకే వేల కమిట్లు (నమోదు చేసిన మార్పులు) ఉన్నా కోడ్ రెపోలు తేలిగ్గానే ఉంటాయి.

ఆడియో అలా కాదు. లెక్క వేసి చూద్దాం. సెకనుకు 16,000 నమూనాలు (ధ్వని కొలతలు), ఒక్కో నమూనాకు 16 బిట్లు, ఒకే ఛానెల్. అంటే సెకనుకు 32,000 బైట్లు, గంటకు 115 ఎంబీ. 20 గంటల రికార్డింగులకు 2.3 జీబీ. ఇప్పుడు ఎవరో మంచి ఉద్దేశంతోనే అన్ని ఫైళ్ల సౌండును ఒకే స్థాయికి తెచ్చి మళ్లీ కమిట్ చేశారనుకోండి. చెవికి పెద్ద తేడా ఉండదు. కానీ ప్రతి నమూనా విలువా మారిపోయింది. గిట్‌కు పట్టుకోవడానికి పాత ముక్క ఏదీ దొరకదు, కాబట్టి దాదాపు రెండో 2.3 జీబీ చరిత్రలో చేరుతుంది. తర్వాత ఇంకొకరు మొదట్లో ఉన్న నిశ్శబ్దాన్ని కత్తిరించి కొత్త ఫైళ్లుగా రాశారు, వాటిని మళ్లీ కంప్రెస్ చేశారు. మూడోసారి కూడా అంతే. 512 ఎంబీ దాటిన ఫైళ్ల విషయంలో గిట్ మామూలుగా తేడాలు వెతికే ప్రయత్నమే చేయదు. జిప్, ఎంపీ3, జేపెగ్ లాంటివి ముందే కుదించి ఉంటాయి కాబట్టి వాటిలో చిన్న మార్పుకే చాలా బైట్లు తారుమారు కావచ్చు.

చాలామంది పొరబడేది ఫైలు తీసేసే విషయంలో. ఫైలు డిలీట్ చేసి కమిట్ చేస్తే ఫోల్డర్‌లోంచి మాత్రమే పోతుంది, చరిత్రలోంచి పోదు. మామూలు క్లోన్ అంటే చరిత్ర మొత్తం. నాలుగేళ్ల కిందట ఎవరో పొరపాటున పెట్టి, పది నిమిషాల్లో తీసేసిన జిప్ ఫైలును ఈరోజు చేరే ప్రతి మనిషీ దించుకుంటున్నాడు.

రెపోలను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ 50 ఎంబీ దాటితే హెచ్చరిస్తుంది, 100 ఎంబీ దాటిన ఫైలును అసలు తీసుకోదు. 100 లోపు ఉంటే చాలనుకోకండి. 90 ఎంబీ ఫైలు మారుతూ పదిసార్లు కమిట్ అయితే చరిత్రలో దాదాపు 900 ఎంబీ ఉంటుంది, గిట్‌హబ్ ఒక్కసారి కూడా అడ్డుపడదు.

మొదటి మెట్టు: కొలవండి

ఊహలు వద్దు. రెపో ఫోల్డర్‌లో ఈ ఆదేశం ఇవ్వండి:

> గిట్ కౌంట్-ఆబ్జెక్ట్స్ -వీహెచ్

చిన్న వీ, పెద్ద హెచ్. వచ్చిన వరుసల్లో "సైజ్-ప్యాక్" అన్నది చూడండి. కొత్తగా క్లోన్ చేసేవాళ్లు మోయాల్సిన బరువు దాదాపు అదే. తర్వాత గిట్ ఫిల్టర్-రెపో అనే పనిముట్టును ఇన్‌స్టాల్ చేసుకుని ఇలా అడగండి:

> గిట్ ఫిల్టర్-రెపో --అనలైజ్

ఇది దేన్నీ మార్చదు, భయం అక్కర్లేదు. దాచిన గిట్ ఫోల్డర్ లోపల ఫిల్టర్-రెపో, దానిలో అనాలిసిస్ అనే చోట కొన్ని నివేదికలు రాస్తుంది. ఏ ఫైలు చరిత్రలో ఎంత చోటు తిన్నదో, తీసేసినవి కూడా ఎంత తింటున్నాయో వేర్వేరు పట్టికల్లో ఉంటాయి. మా రెపోలో ఎక్కువ బరువు మేము వాడుతున్న ఆడియోది కాదు. ఎప్పుడో తీసేసిన ఒక శిక్షణ మోడల్‌ది. ఆ పట్టిక చూసే వరకు జట్టులో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

రెండో మెట్టు: ఫైళ్లను వేరుచేయండి

ఇదే అసలు పని. ఏ పనిముట్టు వాడాలన్న చర్చ దీని తర్వాతే. ప్రతి ఫైలునూ పట్టుకుని ఒకే ప్రశ్న అడగండి: ఇది పోతే మళ్లీ తయారు చేయగలమా?

మనుషులు చేత్తో రాసినవి, అంటే కోడ్, వాక్యాల పాఠం, సూచనలు, సెట్టింగులు, నేరుగా గిట్‌లోనే ఉండాలి. 20 గంటల మాటలను తెలుగులో రాస్తే, ఒక్కో అక్షరానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు పడినా, నాలుగైదు ఎంబీలకు మించదు. మనుషులు రోజూ దిద్దేది కూడా ఈ పాఠాన్నే. ఆ అమ్మాయికి కావలసింది ఈ నాలుగైదు ఎంబీలే.

అసలు రికార్డింగులు పోతే మళ్లీ రావు. ఒక ముసలావిడ తన ఊళ్లో కూర్చుని చెప్పిన మాటలను మనం ఏ స్క్రిప్టుతోనూ తిరిగి పుట్టించలేం. వీటిని గిట్ బయట, కనీసం రెండు చోట్ల భద్రపరచాలి. గిట్‌లో వీటి చిట్టా మాత్రమే ఉండాలి.

స్క్రిప్టుతో పుట్టేవి, అంటే కత్తిరించిన ముక్కలు, స్పెక్ట్రోగ్రాములు (ధ్వని నుంచి గీసిన బొమ్మలు), కాష్ ఫైళ్లు, గిట్‌లో వద్దు. ఎలా తయారు చేయాలో చెప్పే స్క్రిప్టు ఉంటే చాలు. వీటి ఫోల్డర్లను మొదటి రోజే .గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని వాటి జాబితాలో) రాసిపెట్టండి. శిక్షణ పొందిన మోడళ్లు సూత్రప్రకారం ఈ కోవలోవే. కానీ మళ్లీ తయారు చేయడానికి రోజులు పడుతుంది కాబట్టి వీటిని రికార్డింగుల్లా బయట దాచుకోవాలి.

పరీక్షల కోసం వాడే చిన్న నమూనాలు మాత్రం రెపోలో ఉండనివ్వండి. 3 సెకన్ల ముక్క 96 కేబీ. అలాంటివి ఐదు పెట్టినా అర ఎంబీ లోపే. ఇంటర్నెట్ లేకుండా కూడా పరీక్షలు నడవాలంటే ఇవి కావాలి. ఒకసారి పెట్టాక వాటిని మార్చకూడదన్న నియమం పెట్టుకోండి.

ఇలా వేరుచేయడం మనం కనిపెట్టిందేమీ కాదు. అక్షరాలను చిత్రం నుంచి చదివే టెసరాక్ట్‌నే చూడండి. ప్రోగ్రాం ఒక రెపోలో ఉంటుంది. భాషల శిక్షణ ఫైళ్లు టెస్‌డేటా, టెస్‌డేటా_బెస్ట్, టెస్‌డేటా_ఫాస్ట్ అనే వేరే రెపోల్లో ఉంటాయి. తెలుగు చదవాలనుకునే మనిషి తెలుగు ఫైలు ఒక్కటే తెచ్చుకుంటే సరిపోతుంది, మిగతా భాషల భారం అతనికి లేదు. త్రీడీ ప్రోగ్రాం బ్లెండర్ జట్టు ఎన్నో ఏళ్లు పెద్ద లైబ్రరీలను, పరీక్ష ఫైళ్లను సబ్‌వర్షన్ అనే గిట్ లాంటి పాత పనిముట్టులో విడిగా ఉంచి, 2024లో గిట్ ఎల్ఎఫ్ఎస్‌తో (దీని సంగతి ఐదో మెట్టులో) నడిచే సబ్‌మాడ్యూళ్లలోకి, అంటే జతపరిచిన వేరే రెపోల్లోకి, మార్చింది. దారులు వేరైనా రెండు చోట్లా కోడ్ రెపో తేలిగ్గానే ఉంది.

మూడో మెట్టు: చిట్టా ఫైలు

గుంటూరు వైపు రైతు మిర్చి బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రసీదు ఇంటికి తెచ్చుకుంటాడు. బస్తాలు అక్కడే ఉంటాయి, ఎన్ని ఉన్నాయో చేతిలోని కాగితం చెబుతుంది. మన రెపోలో ఉండాల్సింది ఆ రసీదే. చిన్న, మధ్యస్థ ప్రాజెక్టులకు నేను మొదట సలహా ఇచ్చేది ఈ పద్ధతినే. కొత్త పనిముట్లు ఏవీ నేర్చుకోనక్కర్లేదు, ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడనక్కర్లేదు.

ఒక మామూలు పట్టిక ఫైలు తీసుకోండి. ఒక్కో లైనులో నాలుగు సంగతులు: ఫైలు పేరు, సైజు బైట్లలో, ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్, దొరికే చిరునామా. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర. 64 అక్షరాలుంటుంది, లోపల ఒక్క బిట్ మారినా పూర్తిగా వేరే వస్తుంది. లినక్స్‌లో "ఎస్‌హెచ్ఏ256సమ్" అనే ఆదేశం దీన్ని లెక్కకట్టి ఇస్తుంది.

పక్కన డేటా తెచ్చే చిన్న స్క్రిప్టు. అది చేయాల్సిన పని ఇంతే. చిట్టాలో ఒక్కో లైను చదవాలి. ఆ ఫైలు ఇప్పటికే ఉండి, వేలిముద్ర సరిపోతే వదిలేయాలి. లేకపోతే తాత్కాలిక పేరుతో దించాలి, వేలిముద్ర సరిచూడాలి, సరిపోయాకే అసలు పేరు పెట్టాలి. ఈ చివరి వరుస తప్పకండి. సగం దిగిన ఫైలు అసలు పేరుతో మిగిలిపోతే, శిక్షణ మధ్యలో ఎక్కడో వింత ఎర్రర్ వస్తుంది, రోజంతా టెన్షన్ పడినా కారణం దొరకదు. తెగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టేలా కూడా రాయండి. కర్ల్, వీగెట్ అనే డౌన్‌లోడ్ పనిముట్లలో ఆ సదుపాయం ఉంది. సర్వర్ కూడా దానికి ఒప్పుకోవాలి కాబట్టి ఒకసారి మధ్యలో ఆపి పరీక్షించి చూడండి.

పైథాన్ ప్రాజెక్టయితే ఈ స్క్రిప్టు మీరే రాయనక్కర్లేదు. ఫటియాండో ఎ టెర్రా జట్టు తయారు చేసిన పూచ్ అనే లైబ్రరీ ఇదే చేస్తుంది. సైపై తన నమూనా డేటాకు, సైకిట్-ఇమేజ్ తన బొమ్మలకు దాన్నే వాడుతున్నాయి. పేరూ హ్యాషూ ఉన్న పట్టిక ఇస్తే, అడిగినప్పుడు దించి, సరిచూసి, కాష్‌లో పెడుతుంది.

ఇక ఎలా ముక్కలు చేయాలి? 8,000 చిన్న వేవ్ ఫైళ్లను విడివిడిగా దించడం నత్తనడక. అన్నీ కలిపి ఒకే 2.3 జీబీ మూట కడితే హాట్‌స్పాట్ మీద ఎవరికీ దిగదు. మేము మాట్లాడినవారి వారీగా కలిపి, 200 ఎంబీ దగ్గర ఒక్కో టార్ మూట కట్టాం. వేవ్ బదులు ఫ్లాక్‌గా మార్చాం. దానిలో నాణ్యత ఏమాత్రం పోదు, సైజు మాత్రం సగం దగ్గరికి వస్తుంది. స్క్రిప్టులో మూడు ఎంపికలు పెట్టాం: నమూనా మాత్రమే, ఒక మూట మాత్రమే, మొత్తం.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇది: ఒకసారి బయటపెట్టిన మూటను అదే పేరుతో మార్చకూడదు. దిద్దాల్సి వస్తే కొత్త పేరుతో కొత్త మూట కట్టి, చిట్టాలో ఆ లైను మార్చి, దానికి తగ్గ కోడ్ మార్పుతో కలిపి ఒకే కమిట్‌గా పెట్టాలి. అప్పుడు రెండేళ్ల కిందటి ట్యాగ్‌కు (పేరు పెట్టి గుర్తించిన కమిట్‌కు) వెళ్లినా ఆనాటి చిట్టా ఉంటుంది, ఆనాటి డేటానే దిగుతుంది. కోడ్ చరిత్రా డేటా చరిత్రా జత కలిసి నడిచేది ఇలాగే.

నాలుగో మెట్టు: మూటలు ఎక్కడ పెట్టాలి

చాలా ప్రాజెక్టులకు గిట్‌హబ్ రిలీజ్ పేజీయే సరిపోతుంది. అక్కడ జోడించే ఫైళ్లు గిట్ చరిత్రలోకి రావు, ఒక్కోటి 2 జీబీ లోపు ఉంటే చాలు. పరిశోధకులు ప్రస్తావించే డేటా అయితే జెనోడో మంచిది. సెర్న్ సంస్థ 2013 నుంచి నడుపుతోంది, ఉచితం, మామూలుగా ఒక్కో రికార్డుకు 50 జీబీ వరకు ఇస్తుంది, శాశ్వత గుర్తింపుగా డీఓఐ సంఖ్య కూడా ఇస్తుంది. మాటల డేటాకు ఓపెన్‌ఎస్‌ఎల్‌ఆర్ అనే చోటు కూడా ఉంది. దానిలో 66వ నంబరు సేకరణ తెలుగు ఆడియోనే. దాన్ని ఒకసారి తెరిచి చూడండి: ఆడియో జిప్ మూటలు విడిగా, ఏ ఫైల్లో ఏ వాక్యముందో చెప్పే పట్టిక విడిగా. ఆ అమరికను నేరుగా అనుసరించవచ్చు.

కనీసం రెండు చిరునామాలు ఉంచండి. ఒకటి పడిపోతే స్క్రిప్టు రెండోదానికి వెళ్లాలి. వేలిముద్ర మన చిట్టాలోనే ఉంది కాబట్టి ఎక్కడి నుంచి దిగినా సరిచూసుకోవచ్చు.

ఐదో మెట్టు: గిట్ ఎల్ఎఫ్ఎస్ ఎప్పుడు వాడాలి

పెద్ద ఫైళ్లను కూడా మనుషులు తరచూ మారుస్తూ, కమిట్ చేస్తూ ఉంటే చిట్టా పద్ధతి విసుగు తెప్పిస్తుంది. ఆటల బొమ్మలు, డిజైన్ ఫైళ్లు, త్రీడీ మోడళ్లు ఇలాంటివి. వాటికి ఎల్ఎఫ్ఎస్ తగినది. గిట్‌హబ్ 2015లో దీన్ని బయటపెట్టింది. గిట్‌లో మూడు లైన్ల చిన్న సూచిక ఉంటుంది: ఏ వెర్షన్, ఎస్‌హెచ్ఏ-256 ఎంత, సైజు ఎంత. అసలు ఫైలు వేరే సర్వర్‌లో ఉంటుంది. మన రసీదు పనినే ఇది దానంతటదే చేస్తుంది.

మొదలుపెట్టే వరుస:

> గిట్ ఎల్ఎఫ్ఎస్ ఇన్‌స్టాల్
> గిట్ ఎల్ఎఫ్ఎస్ ట్రాక్ "*.ఫ్లాక్"
> గిట్ యాడ్ .గిట్‌అట్రిబ్యూట్స్

ఏ ఫైళ్లు ఎల్ఎఫ్ఎస్‌లోకి వెళ్లాలో .గిట్‌అట్రిబ్యూట్స్ ఫైల్లో నమోదవుతుంది. రెండో ఆదేశంలో కొటేషన్ గుర్తులు మర్చిపోవద్దు. అవి లేకపోతే షెల్ ఆ నక్షత్రాన్ని ఫోల్డర్‌లో ఇప్పుడున్న ఫైళ్ల పేర్లుగా మార్చేస్తుంది, రేపు వచ్చే ఫైళ్లు ఎల్ఎఫ్ఎస్‌లోకి వెళ్లవు. ట్రాక్ ఆదేశం ఇచ్చాకే ఫైళ్లను యాడ్ చేయాలి. ముందే కమిట్ అయినవి చరిత్రలో మామూలు ఫైళ్లుగానే మిగిలిపోతాయి. కమిట్ చేశాక "గిట్ ఎల్ఎఫ్ఎస్ ఎల్ఎస్-ఫైల్స్" అని అడిగి జాబితా సరిచూసుకోండి.

కొత్తవాళ్లకు తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. ఎల్ఎఫ్ఎస్ ఇన్‌స్టాల్ చేసుకోకుండా క్లోన్ చేస్తే ఆడియో బదులు 130 బైట్ల సూచిక వస్తుంది, ప్లేయర్ "ఫైలు పాడైంది" అంటుంది. రెపో తెరవగానే కనిపించే రీడ్‌మీలో ఈ ముక్క రాసిపెడితే ఎన్నో ప్రశ్నలు తగ్గుతాయి. సూచికలు మాత్రమే కావాలనుకునేవారు "గిట్_ఎల్ఎఫ్ఎస్_స్కిప్_స్మడ్జ్=1" అని ముందు పెట్టి క్లోన్ చేసి, తర్వాత "గిట్ ఎల్ఎఫ్ఎస్ పుల్ --ఇన్‌క్లూడ్"తో కావలసిన ఫోల్డర్‌ను మాత్రం తెచ్చుకోవచ్చు.

కోటా గురించి కూడా ముందే ఆలోచించండి. గిట్‌హబ్‌లో ఎల్ఎఫ్ఎస్ నిల్వకూ దిగుమతికీ పరిమితులున్నాయి. ఫోర్కుల్లో (ఇతరులు తమ ఖాతాల్లో చేసుకున్న కాపీల్లో) జరిగే వాడకం కూడా మూల రెపో యజమాని లెక్కలోనే పడుతుంది. ప్రతి పుల్ రిక్వెస్టుకూ (మార్పును చేర్చుకోమనే అభ్యర్థనకూ) నడిచే ఆటోమేటిక్ పరీక్ష ప్రతిసారీ 2 జీబీ దించితే నెల కోటా రెండు మూడు రోజుల్లో కరిగిపోతుంది. పరీక్షల్లో ఎల్ఎఫ్ఎస్ డౌన్‌లోడ్ ఆపేసి చిన్న నమూనాలతో నడపండి, లేదా కాష్ పెట్టుకోండి. చందాలతో నడిచే స్వచ్ఛంద ప్రాజెక్టుకు ఈ బిల్లు చిన్న విషయం కాదు.

ఇలాంటి పనికే ఉన్న మరో రెండు పనిముట్లు, డీవీసీ, గిట్-అనెక్స్ గురించి క్లుప్తంగా చెబుతాను. మోడల్ శిక్షణలో ఏ డేటాతో ఏ ఫలితం వచ్చిందో మెట్టుమెట్టుకీ గుర్తుపెట్టుకోవాలంటే డీవీసీ బాగుంటుంది. "డీవీసీ యాడ్" అంటే చిన్న సూచిక ఫైలు తయారై, అసలు ఫైలు పేరు .గిట్‌ఇగ్నోర్‌లో చేరుతుంది, "డీవీసీ పుష్" దాన్ని మీ క్లౌడ్‌లోకో, సొంత సర్వర్‌లోకో పంపుతుంది. గిట్-అనెక్స్‌ను జోయి హెస్ 2010లో మొదలుపెట్టారు. నాలుగైదు హార్డ్ డిస్కుల్లో, రెండు సర్వర్లలో చెల్లాచెదురైన ఫైళ్లు ఏవి ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోవడంలో దానికి మించింది నేను చూడలేదు. నేర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి.

ఆరో మెట్టు: ఇప్పటికే చరిత్రలో ఉన్న బరువు తీయడం

ఈ పని మొత్తం జట్టుతో మాట్లాడాకే చేయాలి. చరిత్రను తిరగరాస్తే, ఆ ఫైలు చేరిన చోటు నుంచి ప్రతి కమిట్ గుర్తింపు సంఖ్యా మారిపోతుంది. పాత క్లోన్ నుంచి ఎవరైనా పొరపాటున మెర్జ్ చేసి (కలిపి) పుష్ చేస్తే (సర్వర్‌కు పంపితే) తీసేసిన బరువంతా తిరిగి వచ్చేస్తుంది.

కనీసం వారం ముందు తేదీ చెప్పండి. తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులను ముగించండి. ఆ రోజు మొదట రెపో మొత్తానికి "గిట్ క్లోన్ --మిర్రర్"తో ఒక కాపీ తీసి విడిగా డిస్కులో దాచండి. తర్వాత పని కోసం మరో కొత్త క్లోన్ తీసుకుని:

> గిట్ ఫిల్టర్-రెపో --స్ట్రిప్-బ్లాబ్స్-బిగ్గర్-దాన్ 10ఎం

10 ఎంబీ దాటినవన్నీ చరిత్ర నుంచి పోతాయి. ఒక ఫోల్డర్‌ను మాత్రమే తీయాలంటే "--పాత్" అని ఫోల్డర్ పేరిచ్చి "--ఇన్వర్ట్-పాత్స్" జోడించాలి. పని అయ్యాక ఈ పనిముట్టు ఆరిజిన్ (అసలు రెపో ఉన్న సర్వర్) చిరునామాను కావాలనే తొలగిస్తుంది, తొందరపడి పుష్ చేయకుండా. మళ్లీ కొలవండి, కోడ్ నడిపి చూడండి, ట్యాగులన్నీ ఉన్నాయో లేదో చూడండి. అప్పుడు ఆరిజిన్ తిరిగి చేర్చి, బ్రాంచులనూ ట్యాగులనూ ఫోర్స్ పుష్ చేయండి, అంటే సర్వర్‌లోని పాత చరిత్ర స్థానంలో కొత్తది పెట్టండి. అందరికీ "పాత ఫోల్డర్ తీసేసి కొత్తగా క్లోన్ చేయండి" అని స్పష్టంగా చెప్పండి.

పాత ఫైళ్లను పారేయకుండా ఎల్ఎఫ్ఎస్‌లోకి మార్చాలంటే "గిట్ ఎల్ఎఫ్ఎస్ మైగ్రేట్ ఇంపోర్ట్" ఉంది. అదీ చరిత్రను తిరగరాసేదే కాబట్టి ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఇతరుల ఫోర్కుల్లో, పాత పుల్ రిక్వెస్టుల్లో ఆ ఫైళ్లు ఇంకా ఉండవచ్చు. రహస్యంగా ఉండాల్సినవేవైనా పడి ఉంటే గిట్‌హబ్ సహాయ విభాగానికి రాయక తప్పదు.

చరిత్ర మార్చే స్వేచ్ఛ లేని పెద్ద ప్రాజెక్టులో అయితే కొత్తవాళ్లకు తేలిక దారి చూపించండి. "గిట్ క్లోన్ --ఫిల్టర్=బ్లాబ్:లిమిట్=1ఎం" అంటే 1 ఎంబీ దాటిన ఫైళ్ల పాత ప్రతులు అవసరమయ్యే వరకు దిగవు. "--డెప్త్ 1" అంటే చివరి కమిట్ మాత్రమే. ఈ ఒక్క లైను రీడ్‌మీలో పైన కనిపిస్తే చాలు.

ఏడో మెట్టు: కాపలా

సర్దిన ఇల్లు సర్దినట్టే ఉండాలంటే తలుపు దగ్గరే చూసుకోవాలి. ప్రీ-కమిట్ అనే పనిముట్టులో పెద్ద ఫైళ్లను పట్టే తనిఖీ ముందే ఉంది, మామూలుగా 500 కేబీ దాటితే ఆపుతుంది. అది ఒక్కొక్కరి కంప్యూటర్‌లో నడిచేది, ఇన్‌స్టాల్ చేసుకోనివాళ్లను ఆపలేదు. కాబట్టి అదే తనిఖీని పుల్ రిక్వెస్టు పరీక్షల్లోనూ పెట్టండి. ఆపినప్పుడు వచ్చే సందేశం తెలుగులో, మర్యాదగా, ఏం చేయాలో చెబుతూ ఉండాలి: "ఈ ఫైలు పెద్దది. దీన్ని డేటా మూటలో చేర్చడానికి ఈ పేజీ చూడండి." మొదటిసారి సాయం చేయడానికి వచ్చిన మనిషికి ఎర్ర గుర్తు ఒక్కటే చూపిస్తే మళ్లీ రాకపోవచ్చు.

బైనరీ ఫైళ్ల విషయంలో బరువుకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొంగదారి బయటపడింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి వచ్చిన ఆ హానికర కోడ్‌ను రెపోలో "పరీక్ష ఫైళ్లు" అనే పేరుతో ఉన్న కంప్రెస్డ్ ఫైళ్లలో దాచారు. ఎస్ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని పట్టుకున్నారు. కోడ్‌ను లైను లైను చదివే మనం, బైనరీ ఫైలును నమ్మకం మీద లోపలికి రానిస్తాం. అందుకే రెపోలో ఉంచే ప్రతి బైనరీ నమూనాకూ అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా తయారైందో పక్కన ఒక లైను రాసి ఉండాలి. వీలైతే దాన్ని పుట్టించే స్క్రిప్టే ఉంచండి.

తెలుగు వల్ల వచ్చే చిక్కులు

ఇవి ఇంగ్లీషు మార్గదర్శుల్లో కనబడవు, కానీ మన జట్టులను బాగా ఏడిపిస్తాయి.

లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు. "ఖమ్మం" అన్న చిన్న పేరుకే 15 బైట్లు, ఎందుకంటే ఒత్తుకు ముందు పొల్లు కూడా లెక్కకొస్తుంది. 85 గుర్తులకు పేరు అయిపోతుంది. వాక్యం మొత్తాన్ని ఫైలు పేరుగా పెట్టే అలవాటుంటే మానుకోండి.

రెండోది ఐత్వం. యూనికోడ్‌లో "ై" ఒకే గుర్తుగా ఉండవచ్చు, రెండు గుర్తులుగా విడిపోయి కూడా ఉండవచ్చు. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడగొట్టి దాస్తుంది. "వైరా" అనే ఫోల్డర్ కంటికి ఒకటే, గిట్‌కు రెండు. కనబడని మరో గుర్తు, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో అక్షరాలు అతుక్కోకుండా పెట్టేది, ఒకరు పెడతారు, ఇంకొకరు పెట్టరు. డిఫ్‌లో (గిట్ చూపే తేడాల జాబితాలో) రెండు లైన్లూ ఒకేలా కనిపిస్తూ మారినట్టు చూపిస్తాయి. అందుకే ఫైళ్లకు సంఖ్యలతో పేర్లు పెట్టండి: మాట్లాడినవారి సంఖ్య, వాక్యం సంఖ్య. తెలుగు పాఠం పట్టికలో ఉంటుంది. ఆ పట్టికను కమిట్ చేసే ముందు యూనికోడ్ ఎన్ఎఫ్‌సి రూపంలోకి (విడిపోయిన గుర్తులను ఒకటిగా కలిపే రూపంలోకి) మార్చే తనిఖీ పెట్టండి.

తెలుగు పేర్లు తప్పనిసరైతే గిట్ స్టేటస్‌లో అంకెల గజిబిజి రాకుండా "గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్" అని పెట్టుకోండి.

పాఠం పట్టికలో ఒక లైనుకు ఒకే వాక్యం ఉండాలి, ఎప్పుడూ సంఖ్యల వరుసలోనే ఉండాలి. .గిట్‌అట్రిబ్యూట్స్‌లో ఈ పట్టికలకు "టెక్స్ట్ ఈఓఎల్=ఎల్ఎఫ్" అని రాయండి. లేకపోతే విండోస్ వాడే ఒకరు ఒక అక్షరం దిద్దినా ఫైలంతా మారినట్టు చూపించే రోజొకటి వస్తుంది. ఇద్దరు ఒకేసారి దిద్దినప్పుడు గొడవ తగ్గాలంటే పట్టికను మాట్లాడినవారి వారీగా చిన్న ఫైళ్లు చేయండి.

గొంతు ఇచ్చినవారి హక్కు

రికార్డింగులను గిట్‌లో పెట్టొద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి బరువు ఒక్కటే కారణం కాదు. గొంతు ఇచ్చిన మనిషి రేపు "నా మాటలు తీసేయండి" అని అడగవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి వెనక్కి తీసుకునే హక్కును గుర్తించింది. చట్టం లేకపోయినా అది న్యాయమే. గిట్ చరిత్రలో పడిన గొంతును తీయాలంటే ఆరో మెట్టు మొత్తం మళ్లీ చేయాలి. గిట్‌హబ్‌లో ఎల్ఎఫ్ఎస్ వస్తువును తొలగించడం కూడా తేలిక కాదు, రెపోనే తీసేయాలి లేదా వాళ్ల సహాయం అడగాలి. మనిషికొక మూట పద్ధతిలో అయితే ఆ మూట తీసేసి, చిట్టాలో లైను కొట్టేస్తే మన చేతిలో ఉన్నంత పని అయిపోతుంది. జెనోడో లాంటి శాశ్వత భాండాగారాలకు పంపే ముందు సమ్మతి పత్రాలన్నీ మరోసారి చూసుకోండి, అక్కడ ప్రచురించాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న పత్రాలు ఏ రెపోలోకీ రాకూడదు, ప్రైవేటు రెపో అయినా సరే.

చివరి మెట్టు: ఖాళీ కంప్యూటర్ మీద పరీక్ష

ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని స్నేహితుడి ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్ తీసుకోండి. రీడ్‌మీలో రాసినది మాత్రమే చూస్తూ క్లోన్ చేయించండి, నమూనా దించించండి, పరీక్షలు నడిపించండి, ఒక వాక్యం దిద్ది పుల్ రిక్వెస్టు పెట్టించండి. మీరు పక్కన కూర్చోండి, నోరు విప్పకండి. అతను ఆగిన ప్రతి చోటూ రాసుకుని, ఆ రాత్రే రీడ్‌మీ దిద్దండి.

ఆపైన రీడ్‌మీ మొట్టమొదటి పేరాలో మూడు సంఖ్యలు పెట్టండి: క్లోన్ ఎన్ని ఎంబీలు, నమూనా ఎన్ని ఎంబీలు, మొత్తం డేటా ఎన్ని జీబీలు. పక్కనే ఇంకో లైను: "పాఠం దిద్దడానికి క్లోన్ ఒక్కటే చాలు."